మాల్దీవుల్లో ఏకాంతంగా ఐదు రాత్రులు: వాటర్ విల్లానా, బీచ్ విల్లానా? ఏ వైపు గది అడగాలి?

నీలికెరటం:

ఫిబ్రవరి చివర్లో ఐదు రాత్రులు మాల్దీవుల్లో గడుపుదామని అనుకుంటున్నాం. ఇద్దరమే. డీజేలు, పార్టీలు, బోట్ల హడావుడి ఏవీ అక్కర్లేదు. డెక్ మీద కూర్చుంటే పక్క విల్లా వాళ్ల కంట పడకూడదు. గదిలోంచి మెట్లు దిగితే ఈదగలిగేన్ని నీళ్లుండాలి, వీలైతే నాలుగు చేపలు కనబడాలి. రిసార్టుల వెబ్‌సైట్లన్నీ తిరగేశాం కానీ ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉన్నాయి, ప్రతివాళ్లూ "ప్రైవేట్" అనే రాసుకున్నారు.

తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఏకాంతం కావాలంటే నీళ్ల మీద స్తంభాలపై కట్టిన వాటర్ విల్లా మేలా, ఇసుక ఒడ్డున ఉండే బీచ్ విల్లా మేలా? సన్‌సెట్ వైపు గదికి ఎక్కువ అడుగుతున్నారు, పెట్టొచ్చా? మా విమానం మధ్యాహ్నం 3:40కి మాలేలో దిగుతుంది, రిసార్టుకి తీసుకెళ్లే సీప్లేన్ (నీళ్ల మీద వాలే చిన్న విమానం) అందుతుందా? ఒకచోట రాత్రికి 1000 డాలర్లు "ప్లస్ ప్లస్" అన్నారు. ఇద్దరికీ కలిపి చివరికి ఎంత తేలుతుంది?

ఉప్పుగాలి:

ముందు విమానం సంగతి తేల్చుకోండి, విల్లా తర్వాత. 3:40కి దిగితే సీప్లేన్ అందదనే అనుకోండి.

అక్కడి సీప్లేన్లు పగటి వెలుతురులో, పైలట్ కంటిచూపు మీదే నడుస్తాయి. రాత్రి ఎగరవు. సాయంత్రం ఆరు ప్రాంతానికే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి, మిమ్మల్ని దించి విమానం చీకటి పడేలోపు తిరిగి చేరాలి. అందుకే మాలే నుంచి ఆఖరి సర్వీసులు మూడున్నర, నాలుగు మధ్యే బయల్దేరతాయి. మీరు దిగాక ఇమ్మిగ్రేషన్, బ్యాగులు, రిసార్టు కౌంటరు, మళ్లీ తూకం, అక్కణ్ణుంచి బస్సులో సీప్లేన్ టెర్మినల్. దీనికే గంట, గంటన్నర పోతుంది. మధ్యాహ్నం రెండు లోపు దిగే విమానం చూసుకుంటే నిశ్చింత.

టికెట్ మార్చడం కుదరకపోతే మూడు దారులున్నాయి. ఉత్తర మాలే లేదా దక్షిణ మాలే అటోల్‌లో (అటోల్ అంటే వలయంలా ఉండే పగడపు దీవుల గుంపు) స్పీడ్ బోటుతో చేరే రిసార్టు తీసుకోవచ్చు, ఈ బోట్లు చీకటి పడ్డాక కూడా నడుస్తాయి. రెండోది, దేశీయ విమానంలో దూరపు అటోల్‌కి వెళ్లి అక్కణ్ణుంచి బోటు ఎక్కడం. మూడోది, ఆ రాత్రి విమానాశ్రయం పక్కనే ఉన్న హుల్హుమాలేలో మామూలు హోటల్లో పడుకుని పొద్దున్నే సీప్లేన్ ఎక్కడం. మూడోది ఎంచుకుంటే రిసార్టులో ఆ రాత్రి బుక్ చేయకండి. చాలామంది అక్కడే వెయ్యి డాలర్లు నీళ్లపాలు చేస్తారు.

తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క. పొద్దున తొమ్మిదిన్నర లోపు విమానమైతే ముందురోజే మాలే చేరాలి.

సీప్లేన్ కచ్చితంగా ఎన్నింటికో బుకింగ్ రోజున ఎవరూ చెప్పరు, సాధారణంగా ముందురోజు సాయంత్రం చెబుతారు. పదిహేను మంది దాకా పట్టే ట్విన్ ఆటర్ రకం విమానం అది. దారిలో ఒకటి రెండు రిసార్టుల దగ్గర ఆగి వెళ్లొచ్చు కాబట్టి "35 నిమిషాల ప్రయాణం" అన్నది గంట కావచ్చు. సామాను తలకి 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు. దాటితే కిలో లెక్కన కట్టాలి, లేదంటే బ్యాగు వెనకాల వచ్చే విమానంలో వస్తుంది. అందుకని ఈత బట్టలు, మందులు, ఛార్జర్లు చేతిసంచిలోనే పెట్టుకోండి.

పగడపుదిబ్బ:

ఏకాంతం అన్నది విల్లా రకాన్ని బట్టి రాదండి, అది ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి వస్తుంది. ఒకే రిసార్టులో, ఒకే ధరకి, ఒకే పేరుతో ఉన్న రెండు విల్లాల్లో ఒకటి నిజంగా ఏకాంతం, రెండోది బజారు. తేడా శాటిలైట్ మ్యాపులో కనబడుతుంది, బ్రోచర్‌లో కనబడదు.

గూగుల్ మ్యాప్స్‌లో దీవి పేరు కొట్టి శాటిలైట్ వ్యూ పెట్టండి. వాటర్ విల్లాల వంతెన తిన్నగా ఉందా, వంపుగా ఉందా, విల్లాలు ఒకవైపేనా, రెండువైపులానా చూడండి. వంపుకి బయటివైపు విల్లాలుంటే డెక్‌లు విసనకర్రలా విడిపోతాయి, ఒకరికొకరు కనబడరు. లోపలివైపు ఉంటే అందరూ ఒకే మడుగు చుట్టూ కూర్చున్నట్టే, ఎదురు డెక్ మీద ఎవరున్నారో మీకు తెలుస్తుంది, మీరూ వాళ్లకి తెలుస్తారు. తర్వాత మ్యాపులోనే కొలతల సాధనంతో రెండు డెక్‌ల మధ్య దూరం కొలవండి. పది మీటర్ల లోపైతే పక్కవాళ్ల మాటలు వినబడతాయి, నీళ్ల మీద గొంతు బాగా పాకుతుంది. పదిహేను, ఇరవై మీటర్లుంటే ఫరవాలేదు. డెక్ పక్కన చెక్క గోడ ఉందని ఫొటోలో చూపిస్తారు. ఆ గోడ కుర్చీలో కూర్చున్నవాళ్లనే దాస్తుంది. మెట్ల దగ్గర నిలబడినవాళ్లనీ, పూల్ అంచున ఉన్నవాళ్లనీ దాయదు.

వంతెన మొదట్లో ఉన్న విల్లా అసలు వద్దు. బగ్గీలన్నీ మీ తలుపు ముందు నుంచే పోతాయి. చెక్కపలకల మీద చక్రాలు దాటుతుంటే వచ్చే టకటకమనే చప్పుడు గోడలోంచి మంచం దాకా వస్తుంది, అర్ధరాత్రి బార్ మూసేదాకా ఆగదు. చిట్టచివరి విల్లాకి ఆ బాధ లేదు, పొరుగు కూడా ఒకవైపే. అయితే గాలి, అల, ప్రవాహం మూడూ ఎక్కువ. భోజనానికి ప్రతిసారీ బగ్గీ కోసం ఫోన్ చేయాలి. చివరి నుంచి రెండోదో మూడోదో నా ఓటు.

ఇంకా చూడాల్సినవి: బోట్లు ఆగే జెట్టీ, సీప్లేన్ వచ్చి ఆగే, నీళ్ల మీద తేలే వేదిక, జెట్ స్కీలు తిరిగే నీళ్లు, జనరేటర్లు, ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటు ఉండే వెనకవైపు. ఇవేవీ మీ విల్లాకి 200 మీటర్లలోపు ఉండకూడదు. వెనకవైపుని మ్యాపులో పోల్చుకోవడం తేలికే, చెట్లు తక్కువగా, రేకుల కప్పులు పెద్దవిగా ఉంటాయి.

బీచ్ విల్లా విషయానికొస్తే, ఇసుక తీరం అందరిదీ. పొద్దున, సాయంత్రం దీవి చుట్టూ నడిచేవాళ్లంతా మీ ముందు నుంచే పోతారు. కానీ విల్లాకీ ఇసుకకీ మధ్య మొగలి పొదలూ గుబురు చెట్లూ దట్టంగా ఉండి, పూల్ ఆ పొదల లోపల, స్నానాలగది ఆకాశం కింద గోడల మధ్య ఉంటే, వాటర్ విల్లాలో ఎంత డబ్బు పెట్టినా అంత చాటు దొరకదు. వాటర్ విల్లాకి పై నుంచి, ముందు నుంచి కప్పేదేమీ లేదు. కయాక్ వేసుకున్నవాడో, స్నార్కెల్ పెట్టుకున్నవాడో డెక్ ముందు తేలితే అది అతని హక్కు, నీళ్లు రిసార్టులో అందరివీ. అంచేత ఏకాంతం ఒక్కటే కొలమానమైతే పూల్ ఉన్న బీచ్ విల్లా. గదిలోంచి నీళ్లలోకి దిగడమే ముఖ్యమైతే వాటర్ విల్లా. మూడు రాత్రులు ఇది, రెండు అది అని పంచుకోమని ఏజెంట్లు చెబుతారు. ఐదు రాత్రులకి అది దండగ. గది మారే రోజు పన్నెండుకి ఖాళీ చేసి, రెండింటికో మూడింటికో కొత్తది ఇస్తారు, సామాను సర్దుడుతోనే సరిపోతుంది.

ఇక సన్‌సెట్ వైపు. దీన్ని సూర్యాస్తమయం బొమ్మగా కాకుండా గాలి లెక్కగా చూడండి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, అంటే ఫిబ్రవరిలో దీవికి పడమటివైపు చాటు, నీళ్లు నిమ్మళం. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలి, అప్పుడు అదే పడమటి డెక్ మీద కుర్చీ నిలవదు, మెట్లకి అల కొడుతుంది. మీరు వెళ్లేది ఫిబ్రవరి కాబట్టి పడమటివైపుకి ఎక్కువ పెట్టొచ్చు. జులైలో ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను. నష్టం కూడా ఉంది: మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎండ సూటిగా డెక్ మీదే, ఆ టైంలో పూల్ నీళ్లు గోరువెచ్చనైపోతాయి. గొడుగు ఒకటేనా, కప్పు ఉన్న భాగం కూడా ఉందా కనుక్కోండి.

ఇంకో చిన్న మెలిక. "సన్‌సెట్" అని పేరున్న విల్లాలన్నీ నేరుగా పడమర చూడవు. ఫిబ్రవరి చివర్లో సూర్యుడు అక్కడ పడమరకి సుమారు 9 డిగ్రీలు దక్షిణంగా దిగుతాడు, జూన్‌లో 23 డిగ్రీలు ఉత్తరంగా. వాయవ్యం చూసే డెక్ అయితే ఫిబ్రవరి సూర్యుడు ఎడమవైపు చెక్క గోడ వెనక్కి పోతాడు. అదనంగా కట్టిన డబ్బుకి గోడ అంచున ఎరుపు మాత్రం కనబడుతుంది. మీకు పడమర లేదా నైరుతి చూసే డెక్ కావాలి.

బీచ్ విల్లా తీసుకుంటే ఇసుక సంగతీ అడగాలి. గాలి మారినప్పుడల్లా ఇసుక దీవికి ఒకవైపు నుంచి ఇంకోవైపు జరుగుతుంది. ఒక కాలంలో విశాలమైన తీరం ఉన్న విల్లా ముందు ఇంకో కాలంలో ఇసుక బస్తాలే ఉండొచ్చు. వెబ్‌సైట్ ఫొటో ఏ నెలలో తీసిందో ఎవరూ రాయరు, కాబట్టి పర్యాటకులు ఫిబ్రవరిలో పెట్టిన ఫొటోలు వెతికి చూడండి.

ఇన్నీ చూశాక, నచ్చిన రెండు మూడు విల్లా నంబర్లు రాసి రిజర్వేషన్ వాళ్లకి మెయిల్ పెట్టండి. "మీ కోరిక నమోదు చేశాం" అని జవాబిస్తే అది ఏమీ కాదు, ఆ రోజు ఖాళీని బట్టి ఇస్తారు. "ఫలానా నంబరు ఖాయం" అని రాతలో రావాలి.

లెక్కలపుస్తకం:

ప్లస్ ప్లస్ లెక్క చెబుతాను. మొదటి ప్లస్ సర్వీస్ ఛార్జ్, 10 శాతం. రెండోది పర్యాటక జీఎస్టీ, 2025 జులై 1 నుంచి 17 శాతం. రెండూ కలిపి 27 అనుకుంటారు, తప్పు. జీఎస్టీని సర్వీస్ ఛార్జ్ కలిపిన మొత్తం మీద వేస్తారు. 1000కి 100 కలిపితే 1100, దాని మీద 17 శాతం 187, మొత్తం 1287. దీనికి గ్రీన్ ట్యాక్స్ వేరే: రిసార్టుల్లో 2025 జనవరి 1 నుంచి తలకి రోజుకి 12 డాలర్లు, మీ ఇద్దరికీ 24. రాత్రికి 1311, ఐదు రాత్రులకి 6555 డాలర్లు. పాత బ్లాగుల్లో 1.276తో గుణించి గ్రీన్ ట్యాక్స్ 6 డాలర్లు వేసి ఉంటుంది, అది నమ్మకండి.

దీనిమీద ప్రయాణం. సీప్లేన్ రానుపోను తలకి 400 నుంచి 700 డాలర్ల మధ్య చూస్తారు, స్పీడ్ బోటు అందులో సగమో ఇంకా తక్కువో. ఆ రేటులో పన్నులు కలిశాయా అని తప్పకుండా అడగండి. రెండు కోట్‌లు పోల్చేటప్పుడు గది రేటు పక్కన గది రేటు పెట్టి చూడకండి. ఐదు రాత్రులు, ప్రయాణం, భోజనం, పన్నులు అన్నీ కలిపిన ఆఖరి అంకె ఇద్దరినీ అడగండి. గది చవకైన దీవికి ప్రయాణం ఖరీదు కావడం మామూలే.

భోజనం దగ్గర జాగ్రత్త. దీవికి ఒకటే రిసార్టు, బయటికెళ్లి తినే వీల్లేదు. మెనూలో రేట్లకి కూడా ప్లస్ ప్లస్ ఉంటుంది, 30 డాలర్లని రాసిన వంటకం బిల్లులో 38.61 అవుతుంది. హాఫ్ బోర్డ్ అంటే పొద్దునా రాత్రీ తిండి మాత్రమే, తాగేవి చాలాచోట్ల రావు. మీరు ఏకాంతం కోసం వెళ్తున్నారు కాబట్టి అసలు అడగాల్సింది ఇంకొకటి ఉంది. గదికి తెప్పించుకుని డెక్ మీద తింటే అది మీ ప్లాన్‌లో వస్తుందా? ఆల్ ఇన్‌క్లూజివ్ (అన్నీ కలిపి) అని పేరున్న ప్లాన్లలో కూడా చాలాసార్లు రాదు, వంటకం రేటు, తెచ్చినందుకు ట్రే ఛార్జ్ రెండూ పడతాయి. ఐదు రోజుల్లో నాలుగు పూటలు గదిలో తిన్నా ప్లాన్ లాభం పోతుంది.

శాకాహారమో, ఏదైనా పడని పదార్థమో ఉంటే వారం ముందే రాయండి. సరుకు పడవలో వస్తుంది, అక్కడికెళ్లాక అడిగితే ఉన్నదాంతో సర్దుతారు.

కొత్తగా పెళ్లయినవాళ్లయితే హనీమూన్ ఆఫర్ అడగండి. నాలుగు రాత్రులు కనీసం ఉండాలనీ, పెళ్లి సర్టిఫికెట్ ఫలానా నెలల లోపుదై ఉండాలనీ షరతులు పెడతారు. డిసెంబరు 24, 31 తేదీలు తగిలితే గాలా డిన్నర్ బలవంతంగా కట్టించుకుంటారు, ఫిబ్రవరిలో ఆ గొడవ లేదు.

తీరపునీడ:

అందరూ చెప్పినవి బాగున్నాయి, వదిలేసినవి రెండు ముక్కలు. "పెద్దలకి మాత్రమే" అని ఉన్నంత మాత్రాన నిశ్శబ్దం అనుకోకండి, అలాంటి కొన్నిచోట్లే పూల్ దగ్గర రోజంతా పాటలు. పక్క దీవిలో నిర్మాణమో, ఇసుక తోడి సముద్రాన్ని పూడ్చడమో జరుగుతోందా అని సూటిగా మెయిల్‌లో అడగండి. డ్రెడ్జర్ చప్పుడు నీళ్ల మీదుగా వస్తుంది, బురద వల్ల నీళ్లు పాలలా అవుతాయి.

కస్టమ్స్: మద్యం తీసుకెళ్లకూడదు. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా కూడా మాలేలో ఆపి, తిరిగెళ్లేటప్పుడు ఇస్తారు. వేప్‌లు పూర్తిగా నిషేధం, పర్యాటకులకి కూడా. ఇమూగా అనే ప్రయాణికుల డిక్లరేషన్ విమానానికి ముందు 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైటు అయితే అసలుది కాదు.

నీలికెరటం:

అందరికీ ధన్యవాదాలు. టికెట్ మార్చాం, ఇప్పుడు 11:50కి దిగుతున్నాం. వడపోస్తే రెండు మిగిలాయి. ఒకటి బా అటోల్‌లో, సీప్లేన్, లగూన్ (దిబ్బ లోపలి నిలకడ నీళ్ల) వైపు పడమర చూసే, పూల్ ఉన్న వాటర్ విల్లా, చివరి నుంచి మూడోది. రెండోది దక్షిణ మాలే అటోల్, స్పీడ్ బోటు 40 నిమిషాలు, రీఫ్ (పగడపు దిబ్బ) వైపు వాటర్ విల్లా, పూల్ లేదు, ఆఖరి అంకె వెయ్యి డాలర్లు తక్కువ. బా అటోల్‌లో మాంటా రేలు (రెక్కలు చాచినట్టుండే పెద్ద చేపలు) చూడొచ్చని ఏజెంటు అంటున్నాడు. మాలో ఒకరికి ఈత అంతంతమాత్రం.

పగడపుదిబ్బ:

మాంటాల కోసమైతే బా వద్దు. బా అటోల్ 2011 నుంచి యునెస్కో జీవావరణ రిజర్వు, అక్కడి హనిఫరు బేలో మాంటాలు గుంపులుగా చేరేది నైరుతి కాలంలో, జూన్ నుంచి నవంబరు మధ్య. గాలి, ప్రవాహం కలిసి ప్లాంక్టన్‌ని (అవి తినే, నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని) ఆ మడుగులోకి నెట్టినప్పుడే వస్తాయి. ఫిబ్రవరిలో ఆ పేరు చెప్పి అమ్మడం సరికాదు.

ఈత అంతంతమాత్రం అన్నదే ఇక్కడ అసలు సంగతి. రీఫ్ వైపు విల్లాలో మెట్లు దిగితే నడుములోతో, మెడలోతో నీళ్లు, కొద్ది దూరంలోనే దిబ్బ అంచు, ఆపైన ఒక్కసారిగా లోతు. చేపలన్నీ ఆ అంచునే ఉంటాయి. కానీ ఆ అంచు వెంట ప్రవాహం ఉంటుంది, ముఖ్యంగా అటోల్ లోపలికీ బయటికీ నీళ్లు పారే కాలువల దగ్గర. ప్రవాహం ఎక్కువున్నప్పుడు గట్టి ఈతగాడైనా మీ మెట్ల దగ్గర దిగి నాలుగు విల్లాల అవతల తేలతాడు. ఈత రానివాళ్లకి అది పనికిరాదు. లగూన్ వైపు ఇసుక అడుగు, నిలకడ నీళ్లు, లైఫ్ జాకెట్ వేసుకుని గంటలకొద్దీ తేలొచ్చు. చేపలు మాత్రం పెద్దగా ఉండవు, చిన్న షార్క్ పిల్లలో, బల్లపరుపుగా ఉండే స్టింగ్ రే చేపలో అప్పుడప్పుడు వస్తాయి.

నేనైతే లగూన్ వైపుదే తీసుకుంటాను, ఒక షరతు మీద. తీరం నుంచి హౌస్ రీఫ్ (ఆ దీవిని ఆనుకుని ఉన్న దిబ్బ) అంచు ఎంత దూరం, దిగడానికి దిబ్బలో కోసిన దారి ఉందా, తాడు కట్టారా అని అడగండి. 50 మీటర్ల లోపు, దారి, తాడు ఉంటే గైడ్‌ని పెట్టుకుని ఇద్దరూ దిగొచ్చు. 200 మీటర్లు, ముందు బోటు ఎక్కాలి అంటే మీ "నాలుగు చేపలు" రోజూ కుదరవు. ఒకమాట: 2016లో, మళ్లీ 2024లో నీళ్లు వేడెక్కి చాలా దిబ్బల్లో పగడాలు తెల్లబడ్డాయి. కాబట్టి చేపలు బాగున్నా రంగు పగడాల ఫొటోలు చూసి ఆశ పెంచుకోకండి.

పూల్ గురించి అడగలేదు కానీ చెబుతాను. లగూన్ వైపు ఆటుకి నీళ్లు మీటరు దాకా తగ్గి, మెట్ల చివర మోకాలి లోతే మిగలొచ్చు. రీఫ్ వైపు అయినా గాలి లేచిన రోజు దిగలేరు. అలాంటప్పుడు పూల్ లేని విల్లాలో కూర్చుని చూడ్డమే. పూల్ కొలతలు అడగండి, మూడు మీటర్ల పొడవుదైతే అది తడవడానికే.

లెక్కలపుస్తకం:

తేడా వెయ్యి డాలర్లంటే ఐదు రాత్రులకి రోజుకి 200. ఆ 200లో పూల్, ఏకాంతం, దూరం మూడూ వస్తున్నాయి. దక్షిణ మాలే దగ్గర కావడం వల్ల పగలంతా బోట్లు తిరుగుతాయి. బా వాళ్లని గదిలో రెండు పూటల భోజనం ట్రే ఛార్జ్ లేకుండా ఇవ్వమని అడిగి చూడండి, రేటు తగ్గించమంటే తగ్గించరు కానీ ఇలాంటివి ఇస్తారు.

ఉప్పుగాలి:

11:50 అయితే సీప్లేన్‌కి ఇబ్బంది లేదు. బా తీసుకుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి: కొన్ని రిసార్టులు సాయంత్రం వెలుతురు ఎక్కువసేపు ఉండాలని మాలే టైంకి ఒక గంట ముందుకి గడియారం జరుపుకుంటాయి. వెళ్లే రోజు సీప్లేన్ టైం చీటీ మీద రాసింది దీవి టైమా, మాలే టైమా అని రిసెప్షన్‌లో అడిగి, చీటీ మీదే రాయించుకోండి. ఫోన్ తనంతట తాను మాలే టైమే చూపిస్తుంది.